ఎదురుగాలి వంతు

మళ్ళీ మొదలైంది. తన చక్రం దగ్గర్నుంచి కాదు, ఇంకాస్త వెనకనుంచి, ఒక సైకిలంత దూరం నుంచి, టిక్ టిక్ టిక్ అని, ఎవరో తొక్కడం ఆపేసి హాయిగా జారుతూ వస్తున్నట్టు. జలంధర్ తల తిప్పలేదు. ముందున్నవాడు వెనక్కి చూడకూడదు. చూస్తే హ్యాండిల్ వంగుతుంది, హ్యాండిల్ వంగితే వెనకవాడి చక్రం వచ్చి తగులుకుంటుంది, ఇద్దరూ కలిసి తారు మీద పడతారు. ఇది రఫీ నేర్పిన మొదటి పాఠం. కానీ వెనక ఎవడున్నాడని? దోహా నుంచి అల్ ఖోర్‌కు పోయే ఈ రోడ్డు మీద, జూన్ నెలలో, శుక్రవారం పొద్దున్నే, బుద్ధున్నవాడెవడూ సైకిలెక్కడు. కుడిచేతి వైపు సముద్రం మీద సూర్యుడు అప్పుడే లేచాడు, లేస్తూనే ఎవరి మీదో కోపమున్నట్టు మండుతున్నాడు. ఎడమవైపు ఇసుకలో నీడ పరిగెడుతోంది. వంగిన నడుము, తిరిగే మోకాళ్ళు, రెండు చక్రాలు. ఒక్క మనిషి నీడ. దాన్ని చూసి కాస్త ధైర్యం తెచ్చుకుని మళ్ళీ తల వంచాడు, వంచగానే మళ్ళీ టిక్ టిక్. ఎదురుగా ఉత్తరపు గాలి, ఇక్కడివాళ్ళు షమాల్ అంటారే, ఆ గాలి, పళ్ళ మధ్య ఇసుక కరకరలాడేలా కొడుతోంది. పోయినేడు కూడా ఇదే గాలి. ఇదే శుక్రవారం.

క్లబ్బు వాళ్ళంతా ఏప్రిల్ రాకముందే సైకిళ్ళు తుడిచి, నూనె పెట్టి, గోడలకు తగిలించేశారు. ఖతర్‌లో పందేల కాలమంటే చలికాలమే. వెస్ట్ బేలో గాజు మేడలు ఒక్కొక్కటే లేస్తున్న ఆ రోజుల్లో, ఆ మేడల్లో పనిచేసే ఇంగ్లీషు ఇంజనీర్లూ ఫిలిప్పీన్స్ వాళ్ళూ కలిసి పెట్టుకున్న క్లబ్బది, అందులో తెలుగువాళ్ళు ఇద్దరే. ఎండలు ముదరగానే వాళ్ళు ఈత కొలనుల్లోకి దిగిపోతారు. ఈ ఇద్దరికీ కొలను లేదు, ఉన్నా దిగేవాళ్ళు కారు, ఎందుకంటే రఫీ నెత్తిలో సలాలా పురుగు దూరింది. ఒమన్ దేశానికి ఆ చివర సలాలా, అక్కడ జూలైలో కొండల మీదికి పెద్ద పందెం. దేశదేశాల వాళ్ళు వస్తారు. చలికాలంతో ఆట ముగించినవాడికి జూలై దాకా కాళ్ళలో ఏమీ మిగలదు, కాబట్టి కాలాన్నే సాగదీయాలి, ఏప్రిల్, మే, జూన్, ఎంత ఎండలోనైనా. "అరె జలంధర్, సలాలాల జూలై నెలంత తుంపరే పడ్తదట రా. కొండలు పచ్చగుంటయట. ఒంటెలు సుత తడుస్తయట! గా వానల సైకిల్ తొక్కాలె మనం," అని నజ్మాలో చిన్న హోటల్ ముందు చాయ్ తాగుతూ చెప్పి, తనే ఆ వానలో తడిసినట్టు ముఖం తుడుచుకున్నాడు. ఆ చెయ్యి ఇప్పటికీ జలంధర్ కళ్ళముందు అలా ముఖం మీద ఆగిపోయి ఉంది. వాన కోసం మనిషి అంతగా మొహం వాచిపోవాలంటే కోరుట్లలో పుట్టి, రాస్ లఫాన్ గ్యాసు ప్లాంటులో మీటర్లు బాగుచేస్తూ ఎన్నో ఎండాకాలాలు గడిపి ఉండాలి.

మెట్‌పల్లి పక్క ఊరివాడు జలంధర్. అదే రాస్ లఫాన్‌లో, ఇనప గొట్టాలు కట్టి మంచెలు లేపే మనుషుల మీద ఫోర్‌మన్. కంపెనీ బస్సులో తెలుగు వినబడి పక్క సీట్లోకి వచ్చి కూర్చున్నాడు రఫీయుద్దీన్, అంతే, ఆ తర్వాత లేవలేదు. ఎవరో ఇంగ్లీషాయన దేశం వదిలి పోతూ అమ్ముకున్న సైకిల్ మీద మొదట తను నేర్చుకున్నాడు, ఇంకోటి కొనుక్కుని ఆ పాతది జలంధర్ చేతిలో పెట్టాడు. ఊళ్ళో ఈ సంగతి తెలిసి పెద్ద రభస. "దుబాయ్ పోయినోడు సైకిల్ తొక్కుతుండని మా అవ్వ శోకం పెట్టింది. ఊర్లె నీకు బండి ఉండె గదా! గంత కష్టమొచ్చిందా నీకు?" అని భార్య గంగామణి ఫోన్లో ఏడవడమా నవ్వడమా తేల్చుకోలేక అడిగింది. పందెం అంటే నమ్మలేదు, ఫొటో పంపితే ఆ బిగుతు బట్టలు చూసి ఇంకా సిగ్గుపడింది. రఫీ మాత్రం ఇంట్లో అన్నీ చెప్పేవాడు. కోరుట్లలో భార్య బిల్కిస్‌కు చక్రాల సంగతి, గేర్ల సంగతి, వంతుల సంగతి అన్నీ తెలుసు. ఎదురుగాలిలో ముందున్నవాడు గాలిని కోస్తాడు, వెనకవాడు చక్రానికి చక్రం ఆనేంత దగ్గరగా ఆ చాటున వస్తాడు, చాటున వచ్చేవాడికి సగం కష్టమే, అందుకే వంతులేసుకోవాలి. ముందున్నవాడు అలసిపోయి మోచెయ్యి ఒక్కసారి విదిలిస్తే వెనకవాడు మారుమాట లేకుండా ముందుకు రావాలి. రాకపోతే వాడు మనిషే కాదు. ఇదంతా బిల్కిస్‌కు తెలుసు. తెలియకపోతే బాగుండేది.

నడుం మీద, చొక్కా వెనక జేబులో, ఫోను వణికింది. ఆగింది. మళ్ళీ వణికింది. చూడక్కర్లేదు, బిల్కిసే. రఫీ పోయి ఏడాది నిండిన శుక్రవారం, పొద్దున్నే సమాధి దగ్గరికి పోయి వచ్చి ఉంటుంది, అక్కడ ఇప్పుడు బాగా పొద్దెక్కి ఉంటుంది. పోయిన వారం మాట్లాడినప్పుడు, "సలాలాల ఆయన పేరు మైకుల చెప్పించుండ్రి భయ్యా, మీ పేరుతోని పాటు," అంది. ఆ తర్వాత ఫోను ఎత్తలేదు. ఎత్తితే ఏమని చెప్పాలి? రఫీ తొక్కిన ఈ సైకిల్ కూడా ఆమె ఇచ్చిందే. తుప్పు పట్టనియ్యకుండ్రి, మీరే తొక్కాలె, అంది. రంజాన్‌కు షీర్ ఖుర్మా చేయించి మెట్‌పల్లి దాకా మనిషితో గంగామణికి పంపింది. గంగామణి గిన్నె కడిగి అందులో సకినాలు పోసి తిరిగి పంపిందట. ఆ గిన్నె అటూ ఇటూ తిరిగిన ప్రతిసారీ జలంధర్‌కు ఇక్కడ గొంతులో ముద్ద దిగలేదు. ఎందుకంటే ఆ రోజు, ఆసుపత్రి వరండాలో, రఫీ బట్టలున్న సంచి చేతిలో పట్టుకుని నిలబడి ఉంటే, ఆమె ఫోన్లో ఏడుపు దిగమింగుకుని అడిగింది ఒక్కటే మాట. "ఆ టైంకు వంతు ఎవలది భయ్యా?" ఎవరూ అడగని మాట. డాక్టరు అడగలేదు, పోలీసు అడగలేదు, కంపెనీ అడగలేదు. ఎండదెబ్బ అని రాసుకుని వెళ్ళిపోయారు. జలంధర్ నోరు తెరిచాడు, నోట్లోంచి దానంతటదే వచ్చింది, "నాదే భాభీ. నేనే ముంగట ఉన్న." ఆమె ఆ మాటను నెత్తిన పెట్టుకుంది. చివరిదాకా గాలికి అడ్డం నిలబడ్డాడని చుట్టాలందరికీ చెప్పింది. రఫీ తల్లి నమాజు చదివిన ప్రతిసారీ జలంధర్ పేరు కూడా తలుచుకుంటుందట.

టిక్ టిక్ టిక్. పోరా, పో. గట్టిగా తొక్కాడు. పోతే సలాలా పోవాలి, ఈ సైకిల్ మీదే ఆ కొండెక్కాలి, మైకులో రఫీ పేరు చెప్పించాలి, అప్పటికి ఏదో తీరిపోతుంది, అప్పుడిక చెప్పాల్సిన పని ఉండదు. ఏడాదిగా ఇదే లెక్క. అందుకే క్లబ్బు వాళ్ళు ఒక్కడివే ఎందుకని అడిగినా, గంగామణి ఒట్టు పెట్టించుకోబోయినా, ఏప్రిల్ దాటి, మే దాటి తొక్కుతూనే ఉన్నాడు. పోటీ పడడానికి ఎవడూ లేని పందెం. దూరంగా ఉత్తరాన రాస్ లఫాన్ మంట కనిపిస్తోంది, గ్యాసు కాల్చే గొట్టం కొసన ఎర్రగా, పగటి వెలుగులో పాలిపోయి, గాలికి పక్కకు ఒంగి. పోయినేడు కూడా ఆ మంట అలాగే ఒంగి ఉంది. అప్పుడు మాత్రం తనకు సరిగ్గా కనిపించలేదు, ముందు రఫీ వీపు ఉంది కదా. నీలం చొక్కా, దాని మీద ఉప్పు తెల్లగా గీతలు గీతలుగా ఎండిపోయి. ఆ వీపు చాటున గాలి లేదు. ఎంత హాయిగా ఉండింది! అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు సిగ్గుతో ముడుచుకుపోతుంది. హాయిగా ఉండింది. సలాలా వాళ్ళు క్లబ్బుకు ఒక్క చోటే ఇచ్చారు, మరుసటి శుక్రవారం ఇద్దరూ విడివిడిగా తొక్కాలి, ఎవరు వేగంగా వస్తే వాళ్ళ పేరు పోతుంది. రఫీ దాన్ని పట్టించుకోలేదు. "నువ్వు పోతే నేను పోయినట్టే," అన్నాడు, అనడమే కాదు, అలాగే తొక్కాడు. జలంధర్ మాత్రం ఆ పోటీ కోసం ఒళ్ళు దాచుకున్నాడు. ముందు రఫీ మోచెయ్యి విదిలింది. చూశాడు. కళ్ళజోడు సర్దుకుంటున్నట్టు తల వంచేశాడు. కాసేపటికి మళ్ళీ విదిలింది. చూశాడు. సీసా తీసి నీళ్ళు తాగాడు. మూడోసారి ఆ మోచెయ్యి కొంచెమే కదిలింది, అడగడానికి మొహమాటపడినట్టు. తర్వాత ఇక కదల్లేదు.

చేతుల మీద ఏదో పాకినట్టయింది. చూసుకుంటే వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. చర్మం పొడిగా ఉంది, చెమట ఎప్పుడు ఆగిపోయిందో తెలియదు. ఈ వేడిలో చలి. దంతాల వెనకనుంచి సన్నగా వణుకు మొదలై భుజాల్లోకి దిగుతోంది. ఇదేమిటో జలంధర్‌కు తెలుసు, సైటులో పొద్దున పొద్దున తన మనుషులను నిలబెట్టి తనే చెబుతాడు, చెమట ఆగితే పని ఆపు, చలేస్తే నీడకు పో, దోస్తును పిలువు. రఫీ కూడా ఇలాగే సైకిల్ను మెల్లగా రోడ్డు దించి, దాన్ని పడుకోబెట్టి, దాని పక్కనే ఇసుకలో కూర్చుని, నవ్వబోయి, "చలి పెడ్తుంది రా," అన్నాడు. జలంధర్ అదేదో వేళాకోళం అనుకున్నాడు. ఒక్క క్షణమే అనుకున్నాడు. అయినా అనుకున్నాడు. రఫీ భాయ్, నీకు చలేసినట్టే నాకూ వేస్తోంది, చాలా? ఇందుకేనా వెనకాల వస్తున్నావు? రా మరి, ముందుకు రా, వంతు తీసుకో. జలంధర్ కుడి మోచెయ్యి విదిలించాడు. ఎవరూ రాలేదు. టిక్ టిక్ టిక్, అదే దూరంలో, అదే తీరికగా. మళ్ళీ విదిలించాడు. పంటి బిగువున తొక్కుతూ పక్కకు జరిగి దారిచ్చాడు. గాలి తప్ప ఏదీ పక్కనుంచి పోలేదు. నీ కసి తీర్చుకుంటున్నావా రఫీ భాయ్, నేను రాలేదని నువ్వూ రావా? అనుకుని, అనుకున్న వెంటనే కాదని తెలిసింది, రఫీ అట్లాంటివాడు కాడు, వాడు ఎవరి చాటునా ఎప్పుడూ అంతసేపు ఉండలేదు, ఉండలేడు. అయితే ఇదెవరు?

తొక్కుతున్నంతసేపూ చక్రం పలకదు. కాళ్ళు ఆపి జారుతున్నప్పుడే టిక్ టిక్ మంటుంది. రఫీ సైకిల్, ఇదిగో తన కింద ఉన్న ఇది, కాళ్ళు ఆపినా గుసగుసలాడినట్టే ఉంటుంది, వినీ వినబడనట్టు. పాత సైకిలే గట్టిగా పలికేది, ఇంగ్లీషాయన వదిలి పోయింది, రఫీ తన చేతిలో పెట్టింది. మంచం పక్కన గోడకు ఆనించి, గుడ్డ కప్పి, ఏడాదిగా ముట్టుకోనిది. "నీ సైకిల్ చాడీలు చెప్తది బే," అనేవాడు రఫీ. "నువ్వు కాళ్ళు ఆపినవంటే నాకు ముంగటనే తెలుస్తది. ఎన్కకు చూసుడే అక్కర్లేదు." అని నవ్వేవాడు. జలంధర్ కాళ్ళు ఆగిపోయాయి. అది రఫీ చప్పుడు కాదు. అది తన చప్పుడు. ఆ రోజు ఈ రోడ్డు పొడుగునా, ఈ గాలిలో, ఆ నీలం చొక్కా మనిషి చెవుల్లో పడుతూ వచ్చిన చప్పుడు ఇదే. కాళ్ళు మండిపోతుంటే, చెమట ఆగిపోతుంటే, చలి మొదలవుతుంటే, వెనకాల ఒకడు తీరిగ్గా జారుతూ వస్తున్నాడని ఆ టిక్ టిక్ ప్రతి గజానికీ చెబుతూనే ఉంది. రఫీకి తెలుసు. మూడుసార్లు మోచెయ్యి విదిలించినప్పుడూ తెలుసు, నాలుగోసారి విదిలించకుండా ఊరుకున్నప్పుడూ తెలుసు. తెలిసీ ఒక్క మాట అనలేదు. గాలి కోస్తూనే పోయాడు.

సైకిల్ దానంతటదే రోడ్డు దిగింది. జలంధర్ ఇసుకలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వెనక చప్పుడు కూడా ఆగింది. గాలి ఒక్కటే మిగిలింది. ఏడవాలనిపించింది గానీ కళ్ళలో నీళ్ళు లేవు, ఒంట్లోనే లేవు. ఎంతసేపో. ఇసుక మీద అతని నీడ కొంచెం కురచైంది. అప్పుడు వినబడింది హారన్, రెండుసార్లు, పాం, పాం. ఉలిక్కిపడ్డాడు. రెండుసార్లు కొట్టేవాడు ఒక్కడే ఉన్నాడు ఈ రోడ్డు మీద, జగిత్యాల పోశన్న, దోహా నుంచి రాస్ లఫాన్‌కు డ్యూటీ మనుషుల బస్సు తోలేవాడు. చలికాలంలో, ఎండాకాలంలో, ఈ ఇద్దరు సైకిళ్ళ వాళ్ళు కనబడితే మనిషికొకటి చొప్పున రెండు హారన్లు కొట్టి చెయ్యూపేవాడు. పోయినేడు మేలో కంపెనీ అతన్ని పడమటి తీరాన దుఖాన్ వైపు మార్చింది, ఈ మధ్యే మళ్ళీ ఈ రోడ్డుకు వేసినట్టుంది. తెల్ల బస్సు రోడ్డు పక్కన ఆగింది, కిటికీ తెరల వెనకనుంచి నిద్ర ముఖాలు తొంగిచూశాయి. పోశన్న నీళ్ళ సీసా పట్టుకుని దిగి పరుగున వచ్చాడు. "ఏందన్నా గీ ఎండల! మొకమేంది గట్లయింది? ఆగు, ఆగు, మెల్లగ తాగు," అంటూ సగం నోట్లో, సగం నెత్తిన పోశాడు. నీళ్ళు మెడ మీంచి వీపు మీదికి జారాయి. పోశన్న రోడ్డు వెనక్కి, దూరంగా, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూశాడు. "ఇంకో అన్న ఏడి? ఎనకబడ్డడా?"

ఏడాదిలో ఆ ప్రశ్న ఎవరూ వేయలేదు, అందరికీ తెలుసు కాబట్టి. జలంధర్ కూడా ఆ వైపు చూశాడు. నల్లటి తారు, దాని మీద ఎండ నీళ్ళలా మెరుస్తోంది. "ఎనకబడలేదన్నా," అన్నాడు. "ముంగటనే ఉన్నడు. చివరిదాక ఆయినే ముంగట ఉన్నడు. పోయినేడు ఈడనే సచ్చిపోయిండు." పోశన్న చెయ్యి నోటి మీదికి పోయింది. చంకల కింద చేతులేసి లేపి, నడిపించి, బస్సులో తన పక్క సీట్లో కూర్చోబెట్టాడు. ఇద్దరు మనుషులు దిగి సైకిల్ ఎక్కించి సీట్ల మధ్య నిలబెట్టారు. ఏసీ గాలి తగిలి జలంధర్ ఒళ్ళు వణికింది, ఈ వణుకు మామూలుదే. ఎవరో తడిపిన తువ్వాలు మెడకు చుట్టారు. జేబులో ఫోను మళ్ళీ వణకసాగింది. తీశాడు. ఈసారి ఎత్తాడు.

"జలంధర్ భయ్యా, ఎన్నిసార్లు చేసిన! ఎత్తుతలేరేంది?" బిల్కిస్ గొంతు వెనక ఏదో హోరు, వేయిస్తున్నట్టు, చప్పట్లు కొడుతున్నట్టు. రేకుల మీద వాన. కోరుట్లలో వాన మొదలైంది. "భాభీ," అన్నాడు. "గా దినం వంతు నాది. నేను ముంగటికి పోలె."

హోరు అలాగే వినబడుతోంది. "మీరే ముంగట ఉన్ననన్నరు గదా," అంది.

"అబద్ధం చెప్పిన. రఫీ భాయే ఉన్నడు, దారి పొడుగూత. నన్ను రమ్మన్నడు. మూడుసార్లు చెయ్యి చూపిచ్చిండు. నాకు కానొచ్చింది. నేను పోలె భాభీ." ఆమె ఊపిరి వినబడింది, తర్వాత అదీ వానలో కలిసిపోయింది. ఫోను పెట్టేసిందనుకున్నాడు. పెట్టేస్తే బాగుండుననుకున్నాడు. "మా అత్త లోపల నమాజ్ల ఉన్నది," అంది బిల్కిస్, గొంతులో తడి లేకుండా. "నీ పేరు సుత తీస్తది దినాం. గీ ముచ్చట నేను చెప్ప. నువ్వే రావాలె. అత్త ముంగట, పిల్లల ముంగట కూసోని నువ్వే చెప్పాలె." మీరు పోయి నువ్వు అయింది. భయ్యా లేదు. "సలాలా..." అనబోయాడు జలంధర్, ఎందుకన్నాడో తనకే తెలియదు. "వాన ఈడ సుత పడ్తుంది," అని ఫోను పెట్టేసింది.

పోశన్న అతని వైపు ఒకసారి చూసి బస్సు కదిలించాడు. గాలి ముందద్దానికి ఎదురుగా కొడుతోంది, ఇసుక అద్దం మీద సన్నగా రాలుతోంది. "క్యాంపు కాడ దించాల్నా అన్నా, దవాఖానకు పోదమా?" అన్నాడు. ముందు దవాఖాన, తర్వాత ఆఫీసు, సెలవు కాగితం, టికెట్టు, మెట్‌పల్లిలో గంగామణికి చెప్పడం, అక్కడినుంచి కోరుట్ల, ఆ వాకిలి, ఆ ముసలామె చాప. అవన్నీ ఒకదాని వెనక ఒకటి కనబడుతున్నాయి, ఏ ఒక్కదానికీ చాటు లేదు. "దవాఖానకే పోనియ్," అన్నాడు. బస్సు కుదుపుకు వెనకాల సైకిల్ చక్రం కొంచెం కొంచెంగా తిరుగుతున్నట్టుంది, వినీ వినబడనట్టు గుసగుసలాడుతోంది. జలంధర్ సీటు మీద పూర్తిగా తిరిగి వెనక్కి చూశాడు. ఒక కుర్ర మేస్త్రీ నిద్ర కళ్ళతో, సైకిల్ పడిపోకుండా దాని సీటు మీద చెయ్యేసి పట్టుకుని ఉన్నాడు.

"నేను పట్టుకుంట గని," అని లేచాడు జలంధర్. "నువ్వు పండుకో తమ్మీ."